బెంగళూరులో చిన్న క్లినిక్: అనుమతులు తెచ్చుకోవడం, నిలబెట్టుకోవడం

మారతహళ్లి, హూడి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్నచోటల్లా తెలుగు డాక్టర్ల క్లినిక్‌లు కనిపిస్తాయి. కర్నూల్లోనో తిరుపతిలోనో వరంగల్‌లోనో చదువుకుని, ఇక్కడ రెండు గదుల షాపు అద్దెకు తీసుకుని ప్రాక్టీసు మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. పెద్ద ఆసుపత్రిలో అనుమతుల సంగతి చూసుకోవడానికి విడిగా మనుషులుంటారు. చిన్న క్లినిక్‌లో రోగిని చూసేదీ డాక్టరే, ఫైలు చూసేదీ డాక్టరే.

అన్నిటికంటే ముందు ఒక మాట గట్టిగా పట్టుకోండి. కాగితం మీద ఉన్నదీ గదిలో జరిగేదీ ఒకటే కావాలి. అనుమతి అసలే లేని క్లినిక్ సంగతి వేరు. అనుమతులన్నీ తెచ్చుకున్న డాక్టరు కూడా చిక్కులో పడుతున్నాడంటే కారణం సాధారణంగా ఈ తేడాయే. సర్టిఫికెట్‌లో ఒక చిరునామా ఉంటుంది, బోర్డు మీద ఇంకొకటి. దరఖాస్తులో ‘కన్సల్టేషన్ మాత్రమే’ అని ఉంటుంది, వెనక గదిలో రెండు మంచాలు, రెండు సెలైన్ స్టాండ్లు. స్టాఫ్ జాబితాలో ఉన్న నర్సు ఆరు నెలల కిందటే మానేసి ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట వెతికేవి ఇవే.

మొదటి మెట్టు: మీ సొంత రిజిస్ట్రేషన్

ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లోనో తెలంగాణ కౌన్సిల్‌లోనో పేరుంది కదా అని నేరుగా బెంగళూరులో బోర్డు కట్టేయకండి. సొంత కౌన్సిల్ నుంచి ఎన్‌వోసీ తెచ్చుకుని కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి. ఎంబీబీఎస్ ఒక్కటే నమోదై, ఎండీ గానీ డీఎన్‌బీ గానీ అదనపు అర్హతగా ఎక్కకుండా ఉండిపోవడం చాలామంది విషయంలో జరుగుతుంది. స్పెషలిస్టునని బోర్డు మీద రాసుకోవాలంటే ఆ విభాగంలో గుర్తింపు పొందిన అర్హత ఉండాలి, అది రిజిస్టర్‌లోనూ కనిపించాలి. పీజీ నమోదు పని కూడా అదే ఊపులో ముగించండి. కర్ణాటక కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దానికి 30 సీఎంఈ (డాక్టర్లకు చదువు తరవాత కూడా సాగే శిక్షణ) క్రెడిట్ పాయింట్లు కావాలి. ఆఖరి ఏడాదిలో పరుగులు పెట్టేకంటే ఏడాదికి ఆరేడు చొప్పున కూడబెట్టుకోవడం మేలు. సర్టిఫికెట్లు ఏ నెలవి ఆ నెల స్కాన్ చేసి ఒకేచోట పెట్టుకోండి.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. మనవాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, డిగ్రీలో పొడి అక్షరాలుంటాయి, ఆధార్‌లో పూర్తి పేరుంటుంది. ఈ మూడూ మూడు రకాలుగా ఉంటే ప్రతి దరఖాస్తు దగ్గరా ఆగుతుంది. మొదట్లోనే ఒక రూపం ఖాయం చేసుకుని, అద్దె ఒప్పందం నుంచి పాన్ కార్డు దాకా అదే వాడండి.

అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే

కేపీఎంఈ, అంటే కర్ణాటక ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద వచ్చే రిజిస్ట్రేషన్, ఆ చోటుకి ఇచ్చేది. డాక్టరు చేతిలో పట్టుకుని వీధి మారిస్తే వెంట వచ్చేది కాదు. కాబట్టి చోటు విషయంలో తప్పు జరిగితే మళ్లీ మొదటికే వస్తారు. పత్రంలో ‘వైద్య వృత్తి కోసం’ అన్న మాట ఉండేలా చూసుకోండి. డోర్ నంబరు, సర్వే నంబరు, వీధి పేరు ఆస్తిపన్ను రసీదులో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే రాయించండి. బెంగళూరులో కొత్త నంబరు, పాత నంబరు అని రెండూ ఉండే భవనాలు ఎన్నో. 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు నగరపాలికలు వచ్చాయి. మీ వార్డు ఏ పాలికె కిందికి వచ్చిందో చూసుకుని, అన్ని దరఖాస్తుల్లోనూ ఆ పేరే రాయండి.

చోటు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంకో మూడు గమనించండి. బయోమెడికల్ వ్యర్థాలు తాళం వేసి ఉంచడానికి విడిగా చిన్న మూల ఉందా? చేతులు కడుక్కునే సింకు కన్సల్టేషన్ గదిలోనే ఉందా? చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా? ఎక్స్‌రే పెట్టే ఆలోచన ఉంటే గోడల మందం కూడా కొలవండి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఉన్న గదికీ, నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడ ఉన్న గదికీ తరవాత అయ్యే ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

బయోమెడికల్ వ్యర్థాలు: ఇక్కడ తొందరపడకండి

2016 బయోమెడికల్ వేస్ట్ మేనేజ్‌మెంట్ నియమాలు మంచాలు లేని చిన్న క్లినిక్‌కి కూడా వర్తిస్తాయి. రోజుకి అయిదు ఇంజెక్షన్లు ఇచ్చే చోటయినా సరే. చేయాల్సిన పనులు రెండు. ఒకటి, వ్యర్థాలు తీసుకెళ్లి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రంతో ఒప్పందం. రెండు, కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఆథరైజేషన్. దానికి ఫారం 2లో దరఖాస్తు చేస్తే ఫారం 3లో అనుమతి వస్తుంది. మంచాలు లేని క్లినిక్‌కి ఇది ఒకసారి తీసుకుంటే సరిపోతుంది. మంచాలుంటే నీరు, గాలి చట్టాల కింద తీసుకునే సమ్మతి గడువుతో పాటే దీని గడువూ నడుస్తుంది. కేపీఎంఈ దరఖాస్తుకు ఈ కాగితాలు కావాలి కాబట్టి దీన్ని ముందు కదిలించండి.

కాగితం తేవడం తేలికే. రంగుల డబ్బాల దగ్గరే పని చెడుతుంది. ఒక సెలైన్ పెట్టారనుకుందాం. సెలైన్ ప్లాస్టిక్ బాటిలు, గొట్టం ఎరుపులోకి వెళ్తాయి. చేతికి గుచ్చిన సూది తెల్ల డబ్బాలోకి. సూది తీసేసిన సిరంజి, చేతి తొడుగులు ఎరుపులోకి. రక్తం అంటిన దూది, బ్యాండేజీ పసుపులోకి. మందు వాడేసిన గాజు ఆంప్యూల్, వయల్ నీలం డబ్బాలోకి. సిరంజి మీద చుట్టి ఉన్న శుభ్రమైన ప్లాస్టిక్ కవరు, అట్టపెట్టె మాత్రం మామూలు పొడి చెత్త, పాలికె బండికి ఇవ్వాలి. ఒక్క సెలైన్‌కి అయిదు దారులు! నర్సుకి ఇది నోటితో చెప్పి ఊరుకుంటే నిలవదు. ఇంజెక్షన్ టేబుల్ ఎదురుగా గోడ మీద, ఆమెకు వచ్చిన భాషలో, బొమ్మలతో అతికించండి.

తెల్ల డబ్బా సూది గుచ్చినా చిల్లు పడనిది, కారనిది, ఒకసారి మూసాక తెరవడానికి వీల్లేనిది కావాలి. ఖాళీ సెలైన్ బాటిలుకి రంధ్రం పెట్టి సూదులు వేయడం చూస్తుంటాం, అది చెల్లదు. సూదికి మూత మళ్లీ తొడగకూడదు. సూది గుచ్చుకునే ప్రమాదాలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. సిరంజి నుంచి సూదిని చేత్తో లాగకుండా హబ్ కట్టర్‌తో కత్తిరించాలి. సిరంజికే అతుక్కుని ఉండే సూది అయితే, ఇన్సులిన్ సిరంజిలాగా, మొత్తం తెల్ల డబ్బాలోకే.

సంచులు ముప్పాతిక నిండగానే ముడి వేయాలి. నిండాక వేద్దామనుకుంటే చిరుగుతాయి, కారుతాయి. ప్రతి సంచికీ బార్‌కోడ్ ఉండాలి, బండివాళ్లు దాన్ని స్కాన్ చేయాలి. రోజూ బరువు రాసే రిజిస్టరు, వాళ్లిచ్చే రసీదు, ఈ రెండింటి అంకెలూ కలవాలి. ఈ రికార్డులు అయిదేళ్లు ఉంచాలి. రక్తం, చీము అంటిన పసుపు వ్యర్థాలను 48 గంటలకు మించి నిలవ ఉంచకూడదు. ఆదివారం, పండగ కలిసొచ్చి బండి రాకపోతే, కారణం రాసి మండలికి తెలియజేయాలి. వచ్చే రోజులు ఒప్పందంలోనే రాయించుకోండి. వారానికి ఒకసారి వస్తామంటే ఒప్పుకోకండి.

హైపోక్లోరైట్ ద్రావణం సంగతి. బజార్లో దొరికే 5 శాతం ద్రావణం ఒక వంతుకి నీళ్లు నాలుగు వంతులు కలిపితే 1 శాతం అవుతుంది. 10 శాతందైతే ఒక వంతుకి తొమ్మిది వంతులు. నిలవ ఉంటే క్లోరిన్ బలం తగ్గిపోతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలిపి, డబ్బా మీద తేదీ, సమయం రాయాలి. ద్రవ వ్యర్థాలు దీంతో శుద్ధి కాకుండా సింకులో పోయకూడదు.

సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చేరినప్పుడు ఒకసారి, తరవాత ఏటా శిక్షణ ఇచ్చి, సంతకాలతో రాసుకోవాలి. ఎవరికైనా సూది గుచ్చుకుంటే చోటు పిండొద్దు, సబ్బు నీళ్లతో కడగాలి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమా అన్నది వెంటనే తేల్చాలి. వీలైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇక ప్రయోజనం ఉండదు. పెద్ద ప్రమాదమైతే మండలికి వెంటనే చెప్పి, 24 గంటల్లో ఫారం 1లో నివేదిక పంపాలి. చిన్నవి ఏడాది నివేదికలో రాయాలి. ఆ నివేదిక ఫారం 4, ఏటా జూన్ 30 లోపు పంపాలి. జనవరి నుంచి డిసెంబరు దాకా అంకెలు ఏ నెలకానెల కూడి పెట్టుకుంటే జూన్‌లో వెతుక్కునే పని ఉండదు.

కేపీఎంఈ రిజిస్ట్రేషన్

కర్ణాటక ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 2007లో వచ్చింది, 2017 సవరణతో గట్టిపడింది. క్లినిక్, పాలీక్లినిక్, ల్యాబ్, స్కానింగ్ కేంద్రం, ఫిజియోథెరపీ కేంద్రం, నర్సింగ్ హోమ్ అన్నీ దీని కిందికి వస్తాయి. జిల్లా స్థాయిలో డిప్యూటీ కమిషనర్ అధ్యక్షతన ఉండే అథారిటీ రిజిస్ట్రేషన్ ఇస్తుంది, జిల్లా ఆరోగ్య అధికారి అందులో సభ్య కార్యదర్శి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో. సర్టిఫికెట్ గడువు అయిదేళ్లు.

దరఖాస్తులో అన్నిటికంటే జాగ్రత్తగా ఎంచుకోవాల్సింది వర్గం. కన్సల్టేషన్ మాత్రమేనా, మందులు ఇస్తారా, శాంపిల్స్ తీస్తారా, రోగిని కొన్ని గంటలు పడుకోబెట్టి చూస్తారా? రుసుము తగ్గుతుందనో తనిఖీ తేలికవుతుందనో కింది వర్గం రాసి, తరవాత డెంగీ సీజన్‌లో మంచాలు వేస్తే, మీ కేపీఎంఈ సర్టిఫికెట్, కాలుష్య మండలి ఆథరైజేషన్ రెండూ ఒకేసారి తప్పయిపోతాయి. రేపు ఆ మంచం మీద ఏదైనా జరిగితే, వైద్యంలో లోపం లేకపోయినా, అనుమతి లేని పని చేశారన్న మాట ఒక్కటే ముందుకొస్తుంది. వచ్చే రెండేళ్లలో ఏం చేయబోతున్నారో ఆలోచించి దానికి తగ్గ వర్గం రాయండి. సేవలు పెరిగితే ముందు కాగితం మార్చి, తరవాత పని మొదలుపెట్టండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక గోడ మీద కనబడాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్టిఫికెట్, ఏ సేవకు ఎంత తీసుకుంటారో చెప్పే రుసుముల పట్టిక, రోగుల హక్కుల పత్రం. పట్టిక ఫ్రేమ్ కట్టించి మరిచిపోవద్దు. కన్సల్టేషన్ ఫీజు పెంచిన రోజే అదీ మారాలి. ప్రభుత్వం ధర కట్టిన పరీక్షలకు అంతకు మించి తీసుకోకూడదు. 2024 జులైలో డెంగీ ఎన్‌ఎస్1 ఎలైసా, ఐజీఎం ఎలైసా పరీక్షలకు రూ.300 చొప్పున, ర్యాపిడ్ కార్డు పరీక్షకు రూ.250 అని కర్ణాటక ప్రభుత్వం హద్దు పెట్టింది. బయటి ల్యాబ్‌కి శాంపిల్ పంపినా బిల్లు మీ క్లినిక్ పేరున ఉంటే జవాబు చెప్పాల్సింది మీరే.

అత్యవసరంగా వచ్చిన రోగి దగ్గర ముందు డబ్బు కట్టమని పట్టుబట్టకూడదని కేపీఎంఈ సవరణ చెబుతోంది. చిన్న క్లినిక్‌లో అన్నీ చేయలేరు, నిజమే. చేయగలిగినంత ప్రథమ చికిత్స చేసి, ఏం చేశారో ఏ సమయానికి చేశారో చీటీ మీద రాసి, పెద్ద ఆసుపత్రికి పంపాలి. ఆ చీటీ నకలు మీ దగ్గర ఉంచుకోండి. అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ఉచితంగా చికిత్స చేసి పోలీసులకు వెంటనే తెలియజేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రైవేటు ఆసుపత్రులకు కూడా వర్తింపజేసింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద చెప్పి తీరాలి. కుటుంబం వద్దన్నా ఇందులో మినహాయింపు లేదు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి కూడా ఈ విషయం తెలిసి ఉండాలి, మొదట మాట వినేది ఆమే కాబట్టి.

బోర్డు

కర్ణాటకలో బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలి, అదీ పై భాగంలో. 2024 సవరణ దీన్ని తప్పనిసరి చేసింది. మిగతా 40 శాతంలో తెలుగు, ఇంగ్లీషు నిరభ్యంతరంగా రాసుకోవచ్చు. ముందు తెలుగులో పెద్దగా రాయించి, తరవాత కింద కన్నడ అతికించడం వల్ల లాభం లేదు, మొత్తం మళ్లీ చేయించాల్సి వస్తుంది. కేపీఎంఈ నంబరు, క్లినిక్ పేరు, యజమాని పేరు కనిపించాలని ఆరోగ్య శాఖ 2024లో చెప్పింది. అల్లోపతికి నీలం, ఆయుర్వేదానికి ఆకుపచ్చ రంగు బోర్డు అనీ అందులోనే ఉంది. పెయింటర్‌కి చెప్పేముందే ఇవన్నీ కాగితం మీద గీసి ఇవ్వండి.

2002 నాటి వైద్య నైతిక నియమాలు ఇప్పటికీ అమలులో ఉన్నాయి. 2023లో వచ్చిన కొత్తవి ఆ ఏడాది ఆగస్టులోనే పక్కన పెట్టారు. ఆ 2002 నియమాల ప్రకారం బోర్డు మీద డాక్టరు గురించి పేరు, అర్హతలు, బిరుదులు, స్పెషాలిటీ, రిజిస్ట్రేషన్ నంబరు వరకే ఉండాలి. మందుల షాపు బోర్డు మీద మీ పేరు రాయకూడదు. కొత్త క్లినిక్ తెరిచారనీ చిరునామా మారిందనీ పేపర్లో ప్రకటించవచ్చు గానీ, ‘గ్యారంటీ చికిత్స’ అన్న మాటలు, రోగుల ఫొటోలు పెట్టి ప్రచారం చేయడం తప్పు. ల్యాబ్ నుంచి గానీ స్కానింగ్ సెంటర్ నుంచి గానీ కమీషన్ తీసుకోవడం కూడా అంతే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా నియమం మారదు.

స్కానింగ్ యంత్రం ఉంటే

లింగ నిర్ధారణ నిషేధ చట్టం, 1994 నాటి పీసీపీఎన్‌డీటీ, చాలా కఠినమైనది. అది కఠినంగా ఉండటంలో న్యాయం ఉంది. గర్భిణుల స్కాన్‌లు చేయం, కీళ్లు, నరాలు చూసుకోవడానికే పెట్టుకున్నాం అన్నా సరే, గర్భంలో బిడ్డను చూడగల యంత్రం మీ గదిలో ఉంటే రిజిస్ట్రేషన్ కావాలి. ఫారం ఎలో దరఖాస్తు చేస్తే ఫారం బిలో సర్టిఫికెట్ వస్తుంది, ఒక్క రకం కేంద్రానికైతే రుసుము రూ.25,000. గడువు అయిదేళ్లు, ముగియడానికి 30 రోజుల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. యంత్రం, చోటు, డాక్టరు మారబోతుంటే 30 రోజుల ముందు తెలియజేయాలి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు యంత్రం అమ్మడం, అద్దెకివ్వడం రెండూ నేరమే. సెకండ్‌హ్యాండ్ యంత్రం చౌకగా వస్తోందని కొనేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. పోర్టబుల్ యంత్రాన్ని రిజిస్టరయిన ఆవరణ దాటించి పక్క క్లినిక్‌కి తీసుకెళ్లకూడదు. వచ్చి స్కాన్ చేసే సోనాలజిస్టు ఒక జిల్లాలో రెండు కేంద్రాలకు మించి పనిచేయకూడదు. ఆయన మూడోది చూస్తున్నాడంటే ఇబ్బంది మీకూ ఉంటుంది. కాబట్టి ఆయన దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

అసలు కష్టం గర్భిణికి స్కాన్ చేసినప్పుడల్లా నింపే ఫారం ఎఫ్‌లో ఉంది. రోగి పేరు, వయసు, భర్త లేదా తండ్రి పేరు, బతికున్న పిల్లలెందరు, వాళ్లలో మగ ఎందరు ఆడ ఎందరు, వాళ్ల వయసులు, పూర్తి చిరునామా, ఫోను, పంపిన డాక్టరు పేరు చిరునామా, ఆఖరి నెలసరి, ఏ కారణానికి స్కాన్ చేశారు, ఎవరు చేశారు, ఫలితం ఏమిటి, ఎప్పుడు చెప్పారు. ఖాళీలుండకూడదు. పొరపాట్లు ఎక్కువగా జరిగేవి ఇక్కడ: చిరునామాలో ‘పీజీ హాస్టల్, మారతహళ్లి’ అని మాత్రమే రాయడం, కారణం దగ్గర ‘రొటీన్’ అని రాసి ఊరుకోవడం, పంపిన డాక్టరు చీటీ పారేయడం, గర్భిణి సంతకం తేదీ స్కాన్ తేదీ తరవాతది కావడం. కారణం దగ్గర ఫారంలోనే ఇచ్చిన సూచనల పట్టికలోంచి సరైనది ఎంచుకుని రాయాలి. గర్భిణి ప్రకటన ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మీ రోగుల్లో సగం మంది తెలుగువాళ్లైతే తెలుగు ప్రతి సిద్ధంగా పెట్టుకోండి. డాక్టరు ప్రకటన కూడా అదే రోజు సంతకం కావాలి. సాయంత్రం అన్నీ కలిపి సంతకం పెడదాం అనుకుంటే ఏదో ఒకటి మిగిలిపోతుంది. స్కాన్ అయ్యాక రోగి టేబుల్ దిగకముందే ఫారం ముగించే అలవాటు చేసుకోవాలి.

ప్రతి నెల నివేదిక మరుసటి నెల 5వ తేదీ లోపు. స్కాన్‌లు లేకపోయినా సున్నా అని పంపాలి. రికార్డులు రెండేళ్లు, కేసు ఉంటే అది తేలే దాకా ఉంచాలి. లింగ నిర్ధారణ జరగదు అన్న బోర్డు ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఉండాలి, చట్టం కాపీ ఒకటి క్లినిక్‌లో చేతికందేలా ఉండాలి. ‘కాగితం తప్పే కదా, నేరం కాదు’ అన్న వాదన చెల్లదని 2019 మే 3న సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. రికార్డులోని లోపం కూడా నేరమే. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా ఉంటుంది.

ఎక్స్‌రే ఉంటే, దంత వైద్యుల చిన్న ఎక్స్‌రేతో సహా, అణుశక్తి నియంత్రణ బోర్డు ఏఈఆర్‌బీ అనుమతి ఈ-లోరా పోర్టల్‌లో తీసుకోవాలి. బోర్డు ఆమోదించిన నమూనా యంత్రమే కొనాలి. సిబ్బందికి, ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు ఇచ్చి మూడు నెలలకోసారి మార్పించాలి, రెండేళ్లకోసారి నాణ్యత పరీక్ష చేయించాలి. సిబ్బంది రేడియేషన్ హద్దు ఏడాదికి సగటున 20 మిల్లీ సీవర్టులు. బ్యాడ్జీ డ్రాయర్‌లో పడేసి ఉంటే దాని రీడింగ్‌కి అర్థం లేదు. దాన్ని లెడ్ ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి.

మందులు, చీటీలు, సర్టిఫికెట్లు

సొంత రోగులకు మందులివ్వడానికి డాక్టరుకి మందుల నియమాల్లోని షెడ్యూల్ కె కింద మినహాయింపు ఉంది. కానీ షాపులాగా కౌంటరు తెరిచి, బయటివాళ్ల చీటీలకు కూడా అమ్మితే ఫారం 20, 21 లైసెన్సులు, ఫార్మసిస్టు, కనీసం 10 చదరపు మీటర్ల చోటు కావాలి. మినహాయింపులో ఉన్నా మందులు లైసెన్సున్నవాళ్ల దగ్గరే కొని బిల్లులు దాచండి. గడువు తీరిన మందులు చెత్తబుట్టలో కాదు, పసుపు సంచిలోకి.

చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మందు జెనరిక్ పేరు, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలి.

ఈ ఊళ్లో ప్రతి డాక్టరుకీ ఎదురయ్యేది సిక్ లీవ్ సర్టిఫికెట్. ఐటీ ఉద్యోగి సోమవారం వచ్చి పోయిన గురువారం నుంచి రాయమంటాడు. రాయకండి. పరీక్షించిన తేదీ వేరు, రోగి చెప్పిన అనారోగ్యపు తేదీ వేరు. రెండోది ‘రోగి చెప్పిన ప్రకారం’ అని రాయవచ్చు, సర్టిఫికెట్ తేదీ మాత్రం మీరు చూసిన రోజుదే ఉండాలి. రిజిస్టర్‌లో వరుస నంబరు, రోగి సంతకం, కనీసం ఒక గుర్తింపు చిహ్నం రాసుకుని, నకలు ఉంచుకోవాలి. తప్పుడు సర్టిఫికెట్ మీద కౌన్సిల్ చర్య తీసుకుంటుంది. కంపెనీలు వాటిని సరిచూస్తున్నాయి కూడా.

రోగి గానీ, అతని తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులు కనీసం మూడేళ్లు ఉంచాలని నియమం. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది, అది ఎప్పుడు మొదలైందన్న దాని మీద వాదాలు నడుస్తాయి. అందుకే ఓపీ రికార్డులు కూడా అయిదేళ్లు, పిల్లలవైతే ఇంకా ఎక్కువ కాలం దాచడం మంచిది. చిన్న కోత అయినా సమ్మతి పత్రం రోగి భాషలో ఉండాలి. పరీక్ష కోసం తీసుకున్న సమ్మతితో చికిత్స చేయకూడదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

క్షయ నిర్ధారణ అయిన ప్రతి కేసునూ నిక్షయ్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ప్రైవేటు డాక్టరైనా సరే. డెంగీని కూడా కర్ణాటక 2024 సెప్టెంబరులో అంటువ్యాధిగా ప్రకటించింది.

వాట్సాప్‌లో చూసే రోగులు

పిల్లలు బెంగళూరులో, తల్లిదండ్రులు అనంతపురంలోనో చిత్తూరులోనో ఉంటారు. ‘నాన్నకి బీపీ మందు చెప్పండి డాక్టర్‌గారూ’ అని మెసేజ్ వస్తుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం వేరే రాష్ట్రంలోని రోగిని చూడవచ్చు, అందుకు అడ్డు లేదు. కానీ ముందు రోగి ఎవరో, వయసెంతో తేల్చుకోవాలి. కొడుకు మాట్లాడుతుంటే ఆ తండ్రి సమ్మతి ఉందో లేదో అడగాలి. మొదటిసారి చూస్తున్న రోగికి ఆ మార్గదర్శకాల్లోని ఎ జాబితా మందులు వీడియో కాల్‌లో చూశాకే రాయాలి. పాత రోగికి అదే జబ్బుకి తిరిగి చూసేటప్పుడు బి జాబితా మందులు చేర్చవచ్చు. షెడ్యూల్ ఎక్స్ మందులు (కఠిన నియంత్రణలో ఉండేవి), నార్కోటిక్స్ ఫోన్‌లో రాయడం పూర్తిగా నిషేధం. చీటీ ఫొటో తీసి పంపవచ్చు, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉండాలి. ఆ సంభాషణ, చీటీ రెండూ క్లినిక్ రికార్డులోకి ఎక్కించాలి. క్లినిక్‌కి విడిగా ఒక ఫోను పెట్టుకోండి. రోగుల రిపోర్టులు డాక్టరు సొంత ఫోను గ్యాలరీలో పెళ్లి ఫొటోల మధ్య ఉండకూడదు.

తనిఖీకి వచ్చినప్పుడు

ఒక ఫైలు రిసెప్షన్ దగ్గరే ఉంచండి. కేపీఎంఈ సర్టిఫికెట్, కౌన్సిల్ రిజిస్ట్రేషన్లు, కాలుష్య మండలి ఆథరైజేషన్, వ్యర్థాల ఒప్పందం, స్టాఫ్ జాబితా, నర్సు కౌన్సిల్ నంబరు, స్కానింగ్, ఎక్స్‌రే కాగితాలు, ముందు పేజీలో ప్రతి గడువు తేదీ. మూడు నెలల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. స్టాఫ్ పది మంది అయితే పనిచోట లైంగిక వేధింపుల నివారణ కమిటీ కూడా ఉండాలి, దాని కాగితం కూడా ఇందులోనే.

వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు మర్యాదగా చూడండి, ఏ చట్టం కింద వచ్చారో రాసుకోండి. అడిగినవి చూపించండి. లేనిది ఉందనొద్దు, ఆ నిమిషంలో కూర్చుని పాత తేదీలు వేయొద్దు. అది చిన్న లోపాన్ని పెద్ద నేరంగా మారుస్తుంది. రికార్డు గానీ యంత్రం గానీ స్వాధీనం చేసుకుంటే జాబితా రెండు ప్రతులు రాయాలి, ఒకటి మీకివ్వాలి. అది తీసుకోకుండా పంపకండి. షోకాజ్ నోటీసు వస్తే అందులో ఇచ్చిన గడువులోపు, లోపం ఏమిటి, ఎప్పుడు సరిదిద్దారు అన్నది కాగితాలతో సహా రాతలో జవాబివ్వండి. పీసీపీఎన్‌డీటీ కింద రిజిస్ట్రేషన్ నిలిపేసినా రద్దు చేసినా అప్పీలుకి ఉన్నది 30 రోజులే. ఆ ఉత్తర్వు మీ చేతికి అందిన తేదీని కవరు మీదే రాసి, కవరు కూడా దాచండి.